డ్రాపర్ పోస్ట్: డబ్బు తీసే ముందు టేపు తీయండి

హైదరాబాదు ఖాజాగూడ గుట్టల్లో ఒక పరుపుబండ ఉంది. రెండేళ్ల పాటు దాని దగ్గరకు రాగానే నేను సైకిల్ దిగి నడిచాను. పెద్ద వాలేమీ కాదు. చివరన మోకాలి ఎత్తు దిగుడు, దాని కింద చక్రం జారే సన్నటి మొరం, అంతే. నాతో వచ్చే కుర్రవాళ్లు సులువుగా దిగి, కింద నా కోసం ఆగి, "మేడం, బరువు వెనక్కి వేయండి" అని అరిచేవారు. వేయడానికి చోటుంటే కదా! వెనక్కి జరగబోతే సీటు పొట్టలో పొడిచేది. ముందుకు వస్తే హ్యాండిల్ మీదుగా దొర్లిపోతానని భయం.

నా వయసు 46, ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. వారమంతా బ్యాంకు ఉద్యోగం, ఆదివారం తెల్లవారుజామున కొండ సైకిల్. ఇక్కడ చెప్పేదంతా ఆ ఎత్తు నుంచి చూసి చెబుతున్నదే. కాళ్లు పొడవున్నవారు డ్రాపర్ పోస్ట్‌ను, అంటే సైకిల్ దిగకుండానే సీటును దించి లేపగలిగే కడ్డీని, పెద్దగా ఆలోచించకుండా కొనేసినా చాలావరకు సరిపోతుంది. పొట్టివారికి లెక్క కావాలి. రోజంతా అంకెలతో గడిపే నేను ఆ చిన్న లెక్క వేసుకోకుండా కొని, మొదటిసారి డబ్బు పోగొట్టుకున్నాను.

అది చేసే పని

తొక్కేటప్పుడు సీటు ఎత్తుగా ఉండాలి. పెడల్ అట్టడుగుకు వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగితే కాలి బలం పూర్తిగా దిగుతుంది, ఎక్కుడులో మోకాళ్లు నొప్పి పెట్టవు. దిగేటప్పుడు అదే సీటు అడ్డం. రెండు పెడళ్ల మీద నిలబడి, మోకాళ్లు, మోచేతులు వంచి, నడుమును కిందికి దించాలి. అప్పుడు సైకిల్ రాళ్లకు తగినట్టు మన కింద కదులుతుంది. ఆ నడుము దిగవలసిన చోటును సీటు ఆక్రమించి ఉంటుంది.

డ్రాపర్ పోస్ట్ అంటే ఒక గొట్టంలోకి మరొక గొట్టం జారే సీటు కడ్డీ. లోపల నూనె, ఒత్తిడితో నింపిన వాయువు ఉన్న కార్ట్రిడ్జ్ ఒకటి ఉంటుంది. హ్యాండిల్‌కు ఎడమవైపున్న మీట నొక్కితే కేబుల్ ఆ కార్ట్రిడ్జ్ వాల్వును తెరుస్తుంది. మీట నొక్కి సీటు మీద కూర్చుంటే అది దిగుతుంది. మీట వదిలితే ఎక్కడ ఉందో అక్కడే ఆగుతుంది. నిలబడి మళ్లీ నొక్కితే తనంతట తానే పైకి వస్తుంది. మా బ్యాంకులో నేను కూర్చునే కుర్చీ చేసేదీ ఇదే పని, కాకపోతే ఇక్కడ మీట బొటనవేలి కిందికి వచ్చింది.

ఆలోచన పాతదే. 1984లో కాలిఫోర్నియాలో జో బ్రీజ్, జాష్ ఏంజెల్ హైట్-రైట్ అనే స్ప్రింగును తయారు చేశారు. సీటు బిగింపును వదులు చేసి కూర్చుంటే సీటు దిగేది, లేస్తే స్ప్రింగు దాన్ని పైకి లేపేది. అయితే ఒక చేయి హ్యాండిల్ వదిలి సీటు కిందికి వెళ్లాలి. హ్యాండిల్ మీది మీటతో పనిచేసేవి 2000 దశకంలో వచ్చాయి. 2010లో రాక్‌షాక్స్ కంపెనీ రివెర్బ్ అనే పోస్టు వచ్చాక కొండ సైకిళ్లకు ఇవి మామూలు సామాను అయ్యాయి. 2022 మార్చిలో స్లోవేనియా రేసరు మతేయ్ మొహోరిచ్ తన రోడ్డు సైకిల్‌కు దీన్ని బిగించుకుని, పోజ్జో కొండ దిగుడులో అందరినీ వెనక్కి నెట్టి మిలాన్–సాన్ రెమో పందెం గెలిచాడు. తారు రోడ్డు మీద కూడా నడుము కిందికి దిగడం అంత విలువైనదని అప్పుడు చాలామందికి తెలిసింది.

ఇలాంటివి పెద్ద పర్వతాలకే కదా, హైదరాబాదులో ఎందుకు అని మా ఆఫీసులో ఒకరు అడిగారు. నా అభిప్రాయం దానికి సరిగ్గా వ్యతిరేకం. గంటసేపు ఎక్కి, ఆపై గంటసేపు దిగే చోట కొండ మీద ఒకసారి ఆగి, అలెన్ కీతో సీటు దించుకుంటే నష్టమేమీ లేదు. మన గుట్టలు అలాంటివి కావు. గుండు పక్కనుంచి పది మీటర్లు ఎక్కుతాం, వెంటనే పరుపుబండ మీదుగా దిగుతాం, దాని కిందే మళ్లీ ఎక్కుడు. ఒకే కిలోమీటరులో పదిహేనుసార్లు సీటు దించి లేపిన రోజులున్నాయి. చేత్తో అయ్యే పని కాదు.

అందరికీ కావాలని మాత్రం చెప్పను. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ దారి మీద తిరిగేవారికి ఇది అనవసరమైన బరువు. మామూలు కడ్డీ 300 గ్రాములుంటే ఇది 500 నుంచి 700 గ్రాముల వరకు ఉంటుంది. గండిపేట దాకా తారు రోడ్డు మీద వెళ్లి ఇడ్లీ తిని వచ్చేవారు ఆ డబ్బుతో మంచి టైర్లు కొనుక్కోవచ్చు.

ఇంట్లోనే తీయవలసిన కొలతలు

ముందు వ్యాసం. పాత కడ్డీని బయటికి లాగి చూస్తే కింది భాగంలో అంకె చెక్కి ఉంటుంది. ఎక్కువగా కనిపించేవి 27.2, 30.9, 31.6, 34.9 మిల్లీమీటర్లు. 30.9కు, 31.6కు తేడా దర్జీ టేపుకు అందదు. అంకె చెరిగిపోయి ఉంటే మెకానిక్ దగ్గర వెర్నియర్ కాలిపర్‌తో కొలిపించండి. సన్నటి పోస్టును పెద్ద గొట్టంలో షిమ్ (సందు నింపే పలచటి లోహపు తొడుగు) వేసి బిగించవచ్చు. పెద్ద పోస్టును చిన్న గొట్టంలోకి దించే ఉపాయం మాత్రం లేదు.

తర్వాతది నేను వదిలేసిన కొలత. సీటును హాయిగా తొక్కే ఎత్తులో ఉంచి, ఫ్రేము గొట్టం పై అంచు నుంచి సీటు కింద ఉండే రెండు సన్నటి కమ్మీల దాకా కొలవండి. తొక్కే ఎత్తు ఏదో తెలియకపోతే గోడకు ఆనుకుని, చెప్పుల్లేకుండా నిలబడి, ఒక లావు పుస్తకాన్ని కాళ్ల మధ్య పైకి గట్టిగా పట్టి, నేల నుంచి పుస్తకం పై అంచు వరకు కొలవండి. దాన్ని 0.883తో గుణిస్తే పెడళ్ల ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండవలసిన ఎత్తు వస్తుంది. మొదలుపెట్టడానికి అది చాలు, ఆ తర్వాత మీ మోకాళ్లు చెప్పినట్టు కాస్త అటూ ఇటూ.

నా లెక్క చూడండి. కాలి పొడవు 72 సెంటీమీటర్లు, కాబట్టి సీటు ఎత్తు 63.6. నా చిన్న సైజు ఫ్రేము గొట్టం 40. మిగిలింది 23.6. సీటు మందం 5 సెంటీమీటర్లు తీసేస్తే 18.6, అంటే 186 మిల్లీమీటర్లు. డ్రాపర్ పూర్తిగా లేచినప్పుడు దాని మెడ (ఫ్రేములోకి దిగకుండా ఆగే లావు పట్టీ) అడుగు నుంచి కమ్మీల దాకా ఉన్న ఎత్తు ఈ 186 లోపు ఉండాలి. ఆ ఎత్తు అంటే సీటు దిగే దూరం ఒక్కటే కాదు, మెడకూ, కమ్మీలను పట్టుకునే తలకూ కలిపి దాదాపు మరో 50 మిల్లీమీటర్లు ఉంటుంది. 125 మిల్లీమీటర్లు దిగే పోస్టు 175 దగ్గర ఆగుతుంది, నాకు సరిపోతుంది. 150 దిగేది 200 అవుతుంది. అది 14 మిల్లీమీటర్లు ఎక్కువ.

నేను కొన్నది 150. ఎంత ఎక్కువ దిగితే అంత మంచిదని కొట్టులో చెప్పారు, నేనూ నమ్మాను. మెడ దాకా ఫ్రేములోకి దించినా సీటు వేలెడు ఎత్తులోనే ఉండిపోయింది. ప్రతి తొక్కుకూ నడుము అటూ ఇటూ ఊగేది, కాలివేళ్లు కిందికి సాచితేగాని పెడల్ అందేది కాదు. మూడు వారాలకు మోకాలి వెనుక నరం పట్టేసింది. వాడిన సరుకును వెనక్కి తీసుకునేది లేదని కొట్టులో అన్నారు. సగం ధరకు ఒక పొడవాటి కాలేజీ కుర్రవాడికి అమ్మాను, అతను ఇప్పటికీ హాయిగా తిరుగుతున్నాడు. కొన్ని పోస్టుల్లో లోపల చిన్న ముక్కలు వేసి దిగే దూరాన్ని 10, 20 మిల్లీమీటర్లు తగ్గించుకునే వీలుంటుంది. అంచున ఉన్నవారు అలాంటిది ఎంచుకోవడం మంచిది.

మూడోది ఫ్రేములోపలి లోతు. డ్రాపర్ కింది భాగం పొడవుగా ఉంటుంది. నీళ్ల సీసా పట్టీ మరలు గొట్టంలోపలికి పొడుచుకుని వచ్చినా, గొట్టం వంపు తిరిగినా అది అక్కడే ఆగిపోతుంది. కొబ్బరి ఈనె దింపి కొలవమని చాలామంది చెబుతారు. ఈనె మర పక్క సందులోంచి జారిపోయి తప్పుడు లోతు చూపిస్తుంది. పాత కడ్డీనే అడ్డం తగిలేదాకా దింపి చూడండి. వచ్చిన లోతులో కేబుల్ మలుపు తిరగడానికి మరో రెండు మూడు సెంటీమీటర్లు విడిచిపెట్టాలి.

చివరగా ఫ్రేముకు కేబుల్ లోపలికి వెళ్లే రంధ్రం ఉందో లేదో చూడండి. తక్కువ ధర సైకిళ్లకు చాలావాటికి ఉండదు. వాటికి కేబుల్ బయటినుంచి వచ్చే పోస్టులు దొరుకుతాయి. ఫ్రేముకు డ్రిల్లుతో రంధ్రం చేస్తానని ఎవరైనా అంటే సైకిల్ తీసుకుని వచ్చేయండి.

ఏ కంపెనీది అన్న ప్రశ్నకు నేను పేరు చెప్పను, రెండు షరతులు చెబుతాను. కార్ట్రిడ్జ్ పాడైతే అది ఒక్కటే విడిగా కొని మార్చుకునేలా ఉండాలి. మీటకు, పోస్టుకు మధ్య మామూలు గేరు కేబుల్ ఉండాలి. గేరు కేబుల్ నగరంలో ఏ సైకిల్ కొట్టులో అయినా దొరుకుతుంది. బ్యాటరీతో, కేబుల్ లేకుండా పనిచేసేవీ ఉన్నాయి. వాటి ధర వింటే నాకు లోను దరఖాస్తు కళ్ల ముందు కనిపిస్తుంది.

మీట సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. ముందు గేర్లు ఒకే పళ్ల చక్రంతో ఉంటే ఎడమ చేతి కింద ఖాళీ ఉంటుంది, పెద్ద మీట హాయిగా పడుతుంది. ముందు రెండో మూడో ఉంటే హ్యాండిల్ పైన పెట్టే చిన్న మీట కావాలి.

బిగించడం

ఒక సాయంత్రం పని. ఇద్దరుంటే గంట, ఒక్కరే అయితే కోపం. పాత కడ్డీ మీద ఫ్రేము అంచు దగ్గర ఎలక్ట్రికల్ టేపు చుట్టి గుర్తు పెట్టాకే బయటికి తీయండి. తొక్కే ఎత్తు మళ్లీ వెతుక్కోవలసిన పని తప్పుతుంది.

కష్టమంతా కేబుల్ గొట్టాన్ని ఫ్రేములోంచి దాటించడంలోనే ఉంది. ముందువైపు నుంచి గొట్టాన్నే తోస్తే పెడళ్ల ఇరుసు దగ్గర తలబాదుకుంటుంది. పాత గేరు తీగ ఒకటి తీసుకుని సీటు గొట్టం పైనుంచి కిందికి దింపి, ముందు రంధ్రం లోంచి బయటికి వచ్చేదాకా తిప్పుతూ తోయండి. సన్నగా ఉంటుంది కాబట్టి మలుపు తిరుగుతుంది. బయటికి వచ్చిన కొనకు కేబుల్ గొట్టాన్ని తొడిగి, ఆ తీగ వెంటే లోపలికి జార్చండి. నేను మొదటిసారి ఈ ఉపాయం తెలియక నలభై నిమిషాలు టార్చిలైటుతో ఫ్రేములోకి చూస్తూ కూర్చున్నాను.

కేబుల్ గొట్టం కొనను పోస్టు అడుగున తగిలించాక పోస్టును ఫ్రేములోకి దించుతాం. అప్పుడు లోపలి గొట్టం మడతపడకుండా మిగులును ముందువైపు నుంచి అదే వేగంతో లాగాలి. మా ఇంట్లో నేను దించుతుంటే మా ఆయన హ్యాండిల్ దగ్గర కూర్చుని లాగారు. "కాస్త లాగండి, చాలు, ఆపండి" అంటూ బావిలో చేద వేసినట్టు సాగింది. తర్వాత హ్యాండిల్‌ను పూర్తిగా రెండు వైపులా తిప్పి, గొట్టం బిగుసుకోవడం లేదని చూసుకున్నాకే కత్తిరించండి. కట్టింగ్ ప్లయర్‌తో కోస్తే కొన నలిగి లోపలి దారి మూసుకుపోతుంది. కేబుల్ కట్టర్‌తో కోసి, దబ్బనంతో కొనను ఒకసారి తెరవండి.

సీటు బిగింపు మర విషయంలో మనవాళ్లకు ఒక జబ్బు ఉంది, బలమంతా పెట్టి తిప్పుతారు. డ్రాపర్‌కు ఇది విషం. బయటి గొట్టం నొక్కుకుపోతే లోపలి గొట్టం జారదు, సీటు సగంలో ఆగిపోతుంది లేదా ముసలాయన లేచినట్టు లేస్తుంది. 5 న్యూటన్ మీటర్లు సాధారణంగా చాలు, మీ ఫ్రేము మీద అంకె రాసి ఉంటే దాన్నే పాటించండి. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ లేకపోతే చిన్న అలెన్ కీని రెండు వేళ్లతో పట్టుకుని బిగించండి. పోస్టు తిరగకుండా ఉంటే చాలు, అక్కడితో ఆపండి. అల్యూమినియం ఫ్రేముకు గొట్టంలో పలచగా గ్రీజు రాయండి, కార్బన్ ఫ్రేముకైతే దానికోసం అమ్మే గరుకు పేస్టు.

కేబుల్ బిగింపు చివరి మెట్టు. మీట కదిలిన తొలి ఒకటి రెండు మిల్లీమీటర్లలో ఏమీ జరగకూడదు, ఆ తర్వాత వాల్వు తెరుచుకోవాలి. మరీ బిగువుగా ఉంటే వాల్వు పూర్తిగా మూసుకోదు. అప్పుడు కూర్చున్నకొద్దీ సీటు మెల్లగా కుంగుతుంది. ఈ కుంగుడు చూసి పోస్టు పాడైందని కొట్టుకు పరుగెత్తేవారు చాలామంది, నేనూ ఒకసారి వెళ్లాను. మీట దగ్గర ఉన్న చిన్న మరను రెండు చుట్లు వదులు చేస్తే సరిపోయింది.

బొటనవేలికి నేర్పడం

గుట్టల మీదికి తీసుకెళ్లే ముందు మా అపార్ట్‌మెంట్ సెల్లార్ వాలు మీద వారం రోజులు సాధన చేశాను. కార్ల రాకపోకలు ఆగాక, రాత్రి పదకొండు గంటల వేళ. పైన తొక్కుతూ వచ్చి, వాలు మొదలయ్యేలోపు సీటు దించి, నిలబడి దిగి, కింద మలుపు తిరిగి, నిలబడే సీటు లేపి, మళ్లీ పైకి. వాచ్‌మన్ భార్య రెండు రోజులు చూసి, "ఏమైంది అమ్మా, సైకిల్ కుదరడం లేదా?" అని అడిగింది.

మొదట అందరూ చేసే తప్పు, దిగుడు వచ్చాక మీట వెతకడం. బండ అంచు మీద బొటనవేలికి వేరే పనులుంటాయి. అంచుకు ఐదారు మీటర్ల ముందే దించేయండి. దించడానికి సీటు మీద బరువు కావాలి కాబట్టి ఒక్క క్షణం కూర్చోవాలి: నొక్కు, కూర్చో, వదులు, నిలబడు. లేపేటప్పుడు బరువు ఉండకూడదు. సీటు ఒక్క ఉదుటున లేస్తుంది కాబట్టి మగవారు ఎక్కడ నిలబడ్డారో చూసుకోవాలి. ఇంతకంటే వివరంగా చెప్పను.

దించాక ఏం చేయాలన్నదే అసలు పాఠం. పెడళ్లు రెండూ ఒకే మట్టంలో, మడమలు కాస్త కిందికి, బరువంతా పాదాల్లో. నడుమును కిందికి దించండి, మరీ వెనక్కి తోయకండి. ఎత్తైన సీటుతో అలవాటు పడినవారు పిరుదులను వెనుక చక్రం మీదికి తోస్తారు, ఎందుకంటే వారికి వెళ్లగల చోటు అదొక్కటే. అప్పుడు ముందు చక్రం తేలికైపోయి మొరంలో పక్కకు జారుతుంది, బ్రేకు వేసినా పట్టు ఉండదు. సీటు కిందికి పోయాక మధ్యలోనే ఉండి లోతుగా కూర్చున్నట్టు వంగవచ్చు. "బరువు వెనక్కి" అని అరిచిన మా కుర్రవాళ్లది తప్పు సలహా కాదు, సగం సలహా.

పూర్తిగా దించడం, పూర్తిగా లేపడం మాత్రమే అనుకోకండి. మన గుట్టల్లో ఎక్కువసేపు పనికొచ్చేది మూడు నాలుగు సెంటీమీటర్లు దించిన మధ్య స్థానం. చిన్న చిన్న రాళ్ల మీద కూర్చుని తొక్కుతూనే, తగిలినప్పుడు లేచి సర్దుకోవచ్చు. మలుపుల్లో కూడా కాస్త దించితే సైకిల్‌ను మాత్రమే వంచి మనం నిటారుగా ఉండవచ్చు.

వేలికి అలవాటైందని నాకు తెలిసింది సైకిల్ మీద కాదు. స్కూటర్ మీద ఆఫీసుకు వెళుతుంటే స్పీడ్ బ్రేకర్ కనిపించగానే ఎడమ బొటనవేలు మీట కోసం వెళ్లింది. దొరికింది హారన్. ముందున్న ఆటో ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

ఖాజాగూడ బండను ఆ తర్వాతి ఆదివారం దిగాను. వానాకాలంలో మాత్రం ఇప్పటికీ నడిచే దిగుతాను. ఎండిన గ్రానైటు టైరును అంటిపెట్టుకుంటుంది, పాచి పట్టిన తడి గ్రానైటు మీద ఏ పోస్టూ కాపాడదు.

చూసుకోవడం

మన దుమ్ము సన్నటి ఇసుక, సీలు కిందికి చేరితే జారే గొట్టాన్ని గీరుతుంది. తిరిగి వచ్చిన ప్రతిసారీ సీటు పూర్తిగా లేపి, మెత్తటి గుడ్డతో తుడవండి. చైను నూనె చుక్క కూడా దాని మీద వేయకండి, దుమ్మును పిలిచినట్టు అవుతుంది. రెండు నెలలకొకసారి నేను మెడ దగ్గర మూతను చేత్తో విప్పి, పైకి జరిపి, పాత గ్రీజు తుడిచి, సస్పెన్షన్ గ్రీజు కొద్దిగా రాస్తాను. సీటు కొస పట్టుకుని తిప్పితే కొంచెం అటూ ఇటూ కదలడం సహజం, తొక్కేటప్పుడు తెలియనంత వరకు పట్టించుకోవద్దు.

సీటు దిగి ఉన్నప్పుడు దాన్ని పట్టుకుని సైకిల్‌ను ఎత్తకండి. మెట్ల మీద, కారు క్యారియర్ మీద అందరం చేసేది అదే. కొన్ని పోస్టుల్లో లోపల నూనెలోకి గాలి చేరి సీటు స్పాంజిలా ఊగడం మొదలవుతుంది. ఫ్రేము పట్టుకుని ఎత్తండి, లేదా సీటు పూర్తిగా లేపి ఉంచండి. స్టాండుకు తగిలించేటప్పుడు కూడా మెరిసే గొట్టాన్ని పట్టించకూడదు, కింది లావు గొట్టాన్నే పట్టించాలి.

వానాకాలంలో నీళ్లు ఫ్రేములోకి చేరతాయి, కేబుల్ రంధ్రం కూడా ఒక దారే. జూలైలో మూసీ పుట్టిన అనంతగిరి వైపు వెళ్లి వచ్చిన మర్నాడు, బిగింపు వదులు చేసి పోస్టును లాగి, సైకిల్‌ను బాల్కనీలో తలకిందులు చేస్తే అర గ్లాసు ఎర్రనీళ్లు వచ్చాయి. అలా లాగాలంటే మొదట కత్తిరించేటప్పుడు కేబుల్ గొట్టానికి ఒక జానెడు మిగులు ఫ్రేములో వదిలి ఉండాలి. నేను వదలలేదు, మీట దగ్గర కేబుల్ విప్పవలసి వచ్చింది. ఆరనిచ్చి, గ్రీజు రాసి, టేపు గుర్తు దాకా దించి, మళ్లీ రెండు వేళ్లతో బిగించాను.